రెండేళ్ళ చదువూ ఒక చదువేనా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల కట్టలో ఒక ఉత్తరం నన్ను పట్టుకుని వదలలేదు. రాసినామెది ఏలూరు. పేరు వేయవద్దన్నారు, వేయను. వారి అమ్మాయికి అమెరికా సంబంధం వచ్చింది. దూరపు బంధువులే. పిల్లవాడు అక్కడే పుట్టి, అక్కడే పెరిగాడు. బుద్ధిమంతుడట. పిల్లా పిల్లవాడూ మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. అంతా బాగానే ఉందిగాని, చదువు దగ్గర వచ్చింది చిక్కు.

"మా తోడికోడళ్ళ అల్లుళ్ళందరూ ఎం.ఎస్.లూ, పిహెచ్.డీ.లూ. ఈ అబ్బాయి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు న్యూక్లియర్ ఇంజనీరింగ్ టెక్నాలజీ చదివి, అణువిద్యుత్కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. జీతానికి లోటు లేదు. అయినా రెండేళ్ళ చదువూ ఒక చదువేనా అండీ? ఆ రేడియేషనువల్ల రేపు పుట్టబోయే పిల్లలకు ఏమన్నా అవుతుందేమో! అడిగిన నలుగురికీ నేనేం చెప్పుకోను?" అని ఆవిడ ప్రశ్నలు.

మూడు ప్రశ్నలూ మూడు ముళ్ళలాగా వేశారు. మామూలుగా అయితే నాలుగు ముక్కలలో జవాబు రాసి ఊరుకునేదాన్నే. కాని ఈ మూడు ప్రశ్నలూ నేను నాలో నేను వేసుకున్నవే. మొదటి రెంటికీ జవాబు కష్టపడి నేర్చుకున్నాను. మూడోదానికి మాత్రం తప్పు జవాబు చెప్పి సిగ్గుపడ్డాను. అందుచేత ఈ వారం పేజీ అంతా దీనికే. మిగతా సోదరీమణులు క్షమించాలి.

మా అమ్మాయికి 1998లో పెళ్ళయింది. ఆ మరుసటేడు అమెరికా వెళ్ళింది. కనెక్టికట్ అనే చిన్న రాష్ట్రంలో కాపురం. ఒక్కడే కొడుకు, 2002లో పుట్టాడు. చిన్నప్పటినుంచీ వాడికి వస్తువులు విప్పి చూసే బుద్ధి. నేను వెళ్ళినప్పుడల్లా గడియారమో, మిక్సీయో బల్లమీద ముక్కలై కనిపించేది. "వీడు ఇంజనీరవుతాడు" అని అందరం తీర్మానించేశాం. 2020లో ఒక పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చింది. నేను ఆ సంగతి ఈ పేజీలో రాయలేదుగాని, రాసినంత పనీ చేశాను.

రెండేళ్ళు తిరక్కుండా వాడు చదువు మానేసి ఇంటికి వచ్చేశాడు. మొదటి ఏడాది కరోనా రోజులు. గదిలో కూర్చుని తెరమీద పాఠాలు. తరువాత మూడు వందలమంది కూర్చునే క్లాసులు. ఒక పరీక్ష తప్పాడు. ఆ సిగ్గుతో క్లాసుకు పోలేదు. పోకపోవడంవల్ల ఇంకొకటి తప్పాడు. ఇంటికి వచ్చి కొన్ని నెలలు గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. మా అమ్మాయి ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఊరికే ఏడ్చేసేది.

ఆ సెప్టెంబరులో వాడే బయలుదేరి వెళ్ళి, నార్విచ్ అనే ఊళ్ళోని త్రీ రివర్స్ కమ్యూనిటీ కాలేజీలో చేరి వచ్చాడు. చదువు: న్యూక్లియర్ ఇంజనీరింగ్ టెక్నాలజీ. రెండేళ్ళు. ఆ సంగతి మా అమ్మాయి నాకు చెప్పినప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నాకు గుర్తే: "పోనీలే, ఏదో ఒకటి. మళ్ళీ దారిలో పడేవరకూ."

'ఏదో ఒకటి' అన్నాను చూశారా! ఆ 'ఏదో ఒకటి' ఏమిటో తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

ముందు కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటో చెబుతాను. అమెరికాలో ఇవి కొత్తవి కావు. ఇలినాయ్ రాష్ట్రంలో జోలియెట్ అనే ఊళ్ళో 1901లో మొదటిది పెట్టారు. ఊరూరా ఇలాంటి కాలేజీలు ఉండాలని 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన సంఘం సిఫారసు చేసింది. ఊరివాళ్ళు ఊళ్ళోనే ఉండి తక్కువ ఖర్చుతో చదువుకోవచ్చు. పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ళకి సాయంత్రం క్లాసులుంటాయి. రెండేళ్ళయ్యాక అసోసియేట్ డిగ్రీ అని ఇస్తారు. దానితో ఉద్యోగంలో చేరవచ్చు. కావాలంటే నాలుగేళ్ళ కాలేజీకి మారి మిగతా చదువు పూర్తి చెయ్యవచ్చు. మన పాలిటెక్నిక్ డిప్లొమాకి ఇది అచ్చంగా సమానం కాదు. వేలు విడిచిన చుట్టం అనుకోండి.

నార్విచ్‌లోనే ఈ చదువు ఎందుకు? దానికీ కారణం ఉంది. అక్కడికి దక్షిణంగా, సముద్రం ఒడ్డున, వాటర్‌ఫర్డ్‌లో మిల్‌స్టోన్ అణువిద్యుత్కేంద్రం ఉంది. మిల్‌స్టోన్ అంటే తిరగలి రాయి. పూర్వం అది రాళ్ళ క్వారీ. తిరగలి రాళ్ళకు పేరుపడ్డ చోటు. అక్కడ కట్టిన మూడు రియాక్టర్లలో మొదటిదాన్ని 1998లో మూసేశారు; మిగిలిన రెండూ కరెంటు ఇస్తూనే ఉన్నాయి. ఆ పక్కనే గ్రోటన్. అణుశక్తితో నడిచిన ప్రపంచంలోకెల్లా మొదటి జలాంతర్గామి నాటిలస్‌ను 1954 జనవరిలో నీళ్ళలోకి దించింది అక్కడే. ఇప్పటికీ అక్కడ జలాంతర్గాముల నౌకాదళ స్థావరం ఉంది. వడ్రంగులున్న వీధిలో పిల్లలకు చిత్రిక పట్టడం వచ్చినట్టు, ఆ ప్రాంతంలో ఈ విద్య వేళ్ళు తన్నుకుంది.

ఇక నా తప్పు సంగతి.

2023 నవంబరులో నేను ఆరు నెలలకని అక్కడికి వెళ్ళాను. సంక్రాంతికి తెలుగువాళ్ళందరూ ఒక హాల్లో కలుసుకున్నారు. బొమ్మల కొలువు, ముగ్గుల పోటీ, బొబ్బట్లు—అన్నీ మన దగ్గరకన్నా ఒక పాలు ఎక్కువే. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ పక్కన కూర్చుని, మాటలమధ్య, "మీ మనవడు ఏం చదువుతున్నాడండీ?" అంది.

నేను తడుముకోలేదు. ఆ పెద్ద యూనివర్సిటీ పేరు చెప్పి, "ఇంజనీరింగు, మూడో సంవత్సరం" అన్నాను.

అని తల తిప్పితే వెనకాల వాడు. నాకోసం బొబ్బట్ల ప్లేటు పట్టుకుని నుంచున్నాడు. ప్లేటు నా చేతికిచ్చి, "వేడిగా ఉంది అమ్మమ్మా, చూసుకో" అని మాత్రం అన్నాడు. కారులో ఇంటికి వచ్చేవరకూ ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడి గదిలో దీపం ఒంటిగంటవరకూ వెలుగుతూనే ఉంది.

కాలేజీ తెరిచాక ఒకరోజు వాడే వచ్చి, "మా మాస్టారిని అడిగాను. లాబరేటరీ చూడటానికి వస్తావా?" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

వెళ్ళాను. యాంటిక్, షెటకెట్ అనే రెండు ఏళ్ళు కలిసి అక్కడ థేమ్స్ నది అవుతాయి. ఈ మూడింటివల్లే కాలేజీకి ఆ పేరు. 2023లో ఆ రాష్ట్రంలోని పన్నెండు కమ్యూనిటీ కాలేజీలనూ కలిపి ఒకే కాలేజీ చేశారు. ఇది దానిలో ఒక శాఖ ఇప్పుడు. దారిలో వాడు తన పాఠాలు చెప్పుకొచ్చాడు. మొదటి ఏడు లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కరెంటు సర్క్యూట్లు, ఇంగ్లీషులో నివేదిక రాయడం. ఆ తరువాత వేడి ఎలా ప్రవహిస్తుంది, నీరు గొట్టాలలో ఎలా పోతుంది, లోహాలు ఎందుకు అలసిపోతాయి, రేడియేషనునుంచి రక్షణ ఎలా, చివరికి రియాక్టరు సిద్ధాంతం.

"పాత యూనివర్సిటీలో ఇవే లెక్కలు కదురా, అక్కడ ఎందుకు తప్పావు?" అని అడగనే అడిగాను.

"అక్కడ ఆ లెక్క ఎందుకో ఎవరూ చెప్పలేదు అమ్మమ్మా. ఇక్కడ పొద్దున్న లెక్క చేస్తే మధ్యాహ్నం దాన్ని గొట్టంలో చూస్తాం" అన్నాడు.

క్లాసులో పదిహేనుమందికి మించి లేరు. సగంమంది నౌకాదళంలో చేసి వచ్చినవాళ్ళు. ఒకామెకు నలభై దాటాయి; ఇద్దరు పిల్లల తల్లి, హోటలు వంటింట్లో పనిచేస్తూ చదువుకుంటోంది. మాస్టారు కూడా ఒకప్పటి జలాంతర్గామి మనిషే. నన్ను చూసి లేచి నుంచుని, కుర్చీ వేశారు.

ఆ రోజు వాళ్ళు గైగర్ కౌంటరుతో పని చేస్తున్నారు. చిన్న బిళ్ళంత రేడియోధార్మిక పదార్థాన్ని పెట్టి, ఎంత దూరంలో ఎన్ని టిక్కులు వస్తాయో లెక్కపెట్టడం. దూరం రెండింతలు చేస్తే టిక్కులు సగం కావు, నాలుగో వంతవుతాయి. మధ్యన కాగితం పెడితే ఒక రకం కిరణం ఆగిపోతుంది, అల్యూమినియం రేకు పెడితే ఇంకో రకం, మూడోదానికి సీసం దిమ్మ కావాలి. మా వాడు నా సంచీలోంచి, రక్తపోటుకని నేను వాడే తక్కువ సోడియం ఉప్పు పొట్లం తీసి దానిముందు పెట్టాడు. అదీ టిక్కుమంది! ఆ ఉప్పులో పొటాషియం ఉంటుంది, పొటాషియంలో పుట్టుకతోనే కొద్దిగా రేడియోధార్మికత ఉంటుందిట. ఏడేళ్ళుగా తింటున్నాను సుమండీ!

మన భీమునిపట్నం ఇసకలో మోనజైటు అనే ఖనిజం ఉంది, దానిలో థోరియం ఉంది అని వాడే చెప్పాడు. చిన్నప్పుడు ఆ ఇసకలో పిచ్చుకగూళ్ళు కట్టినదాన్ని నేను. రేడియేషను ఎక్కడో అమెరికా రియాక్టరులోనే పుడుతుందనుకున్నాను.

సోదరీ, మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పేస్తాను. భయం లేదని కొట్టిపారెయ్యను. లెక్క ఉంది అంటాను. అమెరికాలో మామూలు మనిషికి నేలనుంచి, గాలినుంచి, ఆకాశంనుంచి సహజంగా వచ్చేది ఏడాదికి సగటున సుమారు 3 మిల్లీసీవర్టులు. ఈ కేంద్రాలలో పనిచేసేవారికి చట్టం పెట్టిన గరిష్ఠ హద్దు ఏడాదికి 50. అంతవరకూ పోవచ్చని కాదు. సాధ్యమైనంత తక్కువలో ఉంచాలన్నదే నియమం. గర్భవతినని రాసి ఇచ్చిన ఉద్యోగినికి ఆ నెలలన్నిటికీ కలిపి 5 మాత్రమే. ప్రతివాడి గుండెమీదా కొలిచే బిళ్ళ ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు ఒంటిమీదా బట్టమీదా ఏమన్నా అంటుకుందేమో యంత్రం చూస్తుంది. ఇక వాళ్ళ మంత్రం మూడు ముక్కలు: దగ్గర తక్కువసేపు ఉండు, దూరంగా ఉండు, అడ్డం పెట్టు. పొయ్యి దగ్గర పసిపిల్లలతో మనం చేసేది అదే కదూ?

మీరు అడగవలసిన అసలు భయం ఇంకొకటుంది, అది మీరు అడగలేదు. ఆ ఉద్యోగం గడియారంతో పెళ్ళి. కేంద్రం రాత్రీ పగలూ నడుస్తుంది కనుక షిఫ్టులు మారుతూ ఉంటాయి. సుమారు 18 నెలలకొకసారి రియాక్టరు ఆపి ఇంధనం మారుస్తారు. ఆ వారాలలో రోజుకు పన్నెండు గంటల పని. పండగలకి మనిషి ఉండకపోవచ్చు. పనికి వెళ్ళేముందు కనీసం అయిదు గంటలపాటు మద్యం ముట్టకూడదు. ఎప్పుడంటే అప్పుడు పిలిచి పరీక్ష చేస్తారు. (ఈ ఒక్క నియమం మన సంబంధాలన్నిటికీ పెడితే బాగుండునని నాకు అనిపించింది.) ఆ షిఫ్టుల కాపురానికి మీ అమ్మాయి సిద్ధమేనా అని ఆమెను అడగండి. కిరణాల సంగతికన్నా అది ముఖ్యం.

ఇక ఆ చదువులో పస ఎంత?

ఒక రాత్రి వంటింట్లో పప్పు ఉడుకుతూ ఉంటే వాడు రియాక్టరు పాఠం నాకు చెప్పాడు. మన కుక్కరులో ఆవిరిని కొంచెం బంధిస్తే నీళ్ళు వందకు బదులు నూట ఇరవై డిగ్రీలదాకా పోతాయి. వాళ్ళ రియాక్టరులో నీటిని బయట గాలి ఒత్తిడికి నూట యాభై రెట్ల ఒత్తిడిలో బంధిస్తారు. మూడు వందల డిగ్రీలు దాటినా మరగదు. ఆ వేడితో పక్క గొట్టాలలోని నీటిని ఆవిరి చేసి టర్బైను తిప్పుతారు. ఇంధనం వేలి కొనంత బిళ్ళలు. ఒక్కొక్క బిళ్ళ ఇంచుమించు ఒక టన్ను బొగ్గు పెట్టు. మన కొత్తగూడెం బొగ్గు వాగన్లు తలచుకుని నేను నోరు తెరిచాను.

"మరి అంత శక్తిని పట్టి ఆపేదెవరురా?" అన్నాను.

యురేనియం పరమాణువు పగిలినప్పుడు న్యూట్రానులు వస్తాయి. అవి ఇంకో పరమాణువును పగలగొడతాయి. అన్నీ ఆ క్షణంలోనే వస్తే, సెకనులో ఎన్నో వేలవంతు కాలంలో ఒక తరం పుట్టి ఇంకో తరం అవుతుంది. మనిషి గాని, యంత్రం గాని అందుకోలేదు. కాని పదివేల న్యూట్రానులలో 65 మాత్రం ఆలస్యంగా వస్తాయి. కొన్ని సెకను తరువాత, కొన్ని నిమిషం తరువాత. ఆ ఆలస్యంగా వచ్చేవి కూడా చేరితేగాని మంట నిలవకుండా రియాక్టరును అమరుస్తారు. అందువల్ల మొత్తం మంట వాటి నడకనే నడుస్తుంది, మనుషుల చేతికి లొంగుతుంది.

"ఆ అరవై అయిదూ లేకపోతే రియాక్టరు నడపడం ఎవరి తరమూ కాదు అమ్మమ్మా" అన్నాడు. అని, నా ముఖంలోకి ఒకసారి చూసి నవ్వి, కుక్కరు కింద మంట తగ్గించాడు. నేనూ ఏమీ అనలేదు.

ఇంకో పాఠం చెప్పాడు. అది కథ కాదు, జరిగింది. 1979 మార్చి 28, తెల్లవారుజాము నాలుగు గంటలు. పెన్సిల్వేనియాలో త్రీమైల్ ఐలండ్ అణుకేంద్రం. ఒత్తిడి ఎక్కువైనప్పుడు తెరుచుకునే ఒక వాల్వు తెరుచుకుని, మళ్ళీ మూసుకోలేదు. కాని బల్లమీద దానికి సంబంధించిన దీపం ఆరిపోయింది. కంట్రోలు రూములోని వాళ్ళు మూసుకుందనుకున్నారు. నిజానికి ఆ దీపం ఆరిందంటే మూసుకోమని ఆజ్ఞ వెళ్ళిందనే అర్థం, మూసుకుందని కాదు. నీరు రెండు గంటలకు పైగా బయటికి పోతూనే ఉంది. లోపల నీరు ఎక్కువైందని భ్రమపడి, దానంతటది వచ్చి పోస్తున్న నీటిని వాళ్ళే తగ్గించారు. రియాక్టరు ఆపినా ఆపిన వెంటనే వేడి పోదు. నూటికి ఆరేడు వంతులు ఇంకా పుడుతూనే ఉంటుంది. లోపలి ఇంధనం సగం కరిగింది.

విచారణ జరిపిన కెమెనీ సంఘం చెప్పిన ముఖ్యమైన సంగతులలో ఒకటి, పనిచేసేవాళ్ళకి ఇచ్చిన తర్ఫీదు చాలలేదని. ఆ ఏడాది చివరే శిక్షణనూ భద్రతనూ కనిపెట్టి చూడటానికి ఆ పరిశ్రమవాళ్ళు ఒక సంస్థ పెట్టుకున్నారు. రియాక్టరు బొమ్మ గీసిన పెద్ద చదువుల వాళ్ళు ఆ వేళప్పుడు తమ ఇళ్ళలో నిద్రపోతున్నారు. బల్లముందు ఉన్నది ఆపరేటర్లు. 'దీపం ఏం చెబుతోంది? నిజం ఏమిటి?' అని రెండూ విడదీసి చూసే బుద్ధి వాళ్ళకు నేర్పడమే ఈ చదువు పని.

రెండేళ్ళతో అయిపోతుందనుకునేరు. ఉద్యోగంలో చేరాక కేంద్రంవాళ్ళు మళ్ళీ చదివిస్తారు. మొదట పంపులూ వాల్వులూ తిరిగి చూసే పని. తరువాత రియాక్టరు నడిపే మనిషి కావాలంటే ప్రభుత్వపు లైసెన్సు. దానికి రాత పరీక్ష, అచ్చు కంట్రోలు రూములాగే ఉండే నమూనా గదిలో పరీక్ష. లైసెన్సు గడువు ఆరేళ్ళు. ఈలోగా మళ్ళీ మళ్ళీ తర్ఫీదు, మళ్ళీ మళ్ళీ పరీక్షలు. మనలో ఎంతమందిమి డిగ్రీ పుచ్చుకున్న మర్నాడు పుస్తకం మూసేశాం! వీళ్ళకు రిటైరయ్యేదాకా మూసే యోగం లేదు.

ఇక మూడో ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మా తమ్ముడు విజయవాడలో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి మణుగూరు భారజల కర్మాగారంలో చేరాడు. 1991 చివర అది పని ప్రారంభించిన రోజులనుంచీ ఉన్నాడు. గోదావరి నీళ్ళలో సుమారు ఏడు వేల హైడ్రోజను పరమాణువులకు ఒకటి బరువైనది ఉంటుంది; దాన్ని ఏరి భారజలం చేయడం అక్కడి పని. మన దేశంలోని ఎక్కువ రియాక్టర్లకు అదే ఆధారం. ఏరడానికి హైడ్రోజన్ సల్ఫైడు వాడతారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, విషవాయువు. "వాసన వస్తే భయం లేదక్కయ్యా, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అప్పుడే భయం" అనేవాడు నవ్వుతూ.

మా అమ్మాయి పెళ్ళిలో వియ్యాలవారికి వాణ్ణి చూపించి, "మా తమ్ముడు, ఇంజనీరు" అన్నాను. వాడు అప్పుడేమీ అనలేదు. సాయంత్రం దొడ్లో అరటాకులు తుడుస్తూ, "అక్కయ్యా, నేను ఇంజనీర్ని కాను, ఆపరేటర్ని. ఇంకెప్పుడూ అలా చెప్పకు. నువ్వు అలా చెబితే నేను చేసే పని నీకు చిన్నతనంగా ఉందని అర్థం" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. క్షమించమని అడగలేదు. నాలుగేళ్ళయింది వాడు పోయి.

పాతికేళ్ళ తరువాత, సముద్రాల అవతల, మనవడి దగ్గర అదే తప్పు చేశాను. వాడిది కాదు సిగ్గు, మాది. పరీక్ష తప్పినప్పుడు వాడు దాచలేదు, వచ్చి చెప్పాడు. దాచింది మేము.

2024 మేలో వాడికి డిగ్రీ ఇచ్చారు. అంగీలు, టోపీలు అన్నీ మామూలే. వరుసలో ఆ హోటలు వంటామె కూడా ఉంది. ఆమె పిల్లలిద్దరూ బెంచీ ఎక్కి నుంచుని 'అమ్మా' అని అరిచారు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, రెండేళ్ళలో మొదటిసారి, వాడి ఫోటో తీసి అందరికీ పంపింది. కింద కాలేజీ పేరు రాసింది, చదువు పేరు రాసింది.

ఆ సాయంత్రం నేను సంక్రాంతినాటి పట్టుచీర ఆవిడకు ఫోను చేశాను. "నేను ఆ రోజు మీకు అబద్ధం చెప్పానండీ" అని ఉన్నదంతా చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరువాత మెల్లగా, "మా రెండోవాడు కూడా ఏడాదినుంచి ఇంట్లోనే ఉంటున్నాడండీ. సెలవు పెట్టాడని చెబుతున్నాను అందరికీ. ఆ కాలేజీ సంగతి మరోసారి చెప్పరూ?" అంది.

చెప్పాను. గంటసేపు.

ఇది చదివి మన ఊళ్ళనుంచి పిల్లలను ఈ చదువుకు పంపుదామనుకునేవారికి ఒక మాట. ఆ కేంద్రాలలోకి అడుగు పెట్టాలంటే మనిషి పూర్వోత్తరాలన్నీ విచారిస్తారు. అమెరికా పౌరులు కానివారికి అడ్డంకులు ఎక్కువ. మా వాడు అక్కడ పుట్టినవాడు కనుక సాగింది. ఫీజు కట్టేముందు ఈ సంగతి గట్టిగా విచారించుకోండి. మన దేశంలో డిప్లొమా వాళ్ళకీ, సైన్సు చదివినవాళ్ళకీ స్టైపెండు ఇచ్చి నేర్పే పద్ధతి అణుశక్తి శాఖలో ఉంది. ముందు ఆ తలుపు తట్టండి.

ఏలూరు సోదరికి నా జవాబు ఇది. ఆ పిల్లవాడు మంచివాడా కాదా నేను చెప్పలేను. అది మీరూ, ముఖ్యంగా మీ అమ్మాయీ తేల్చుకోవాలి. చదువు మాత్రం చదువే. నలుగురూ అడిగితే ఏం చెప్పాలంటారా? "మా అల్లుడు రెండేళ్ళ చదువు చదివాడు, అణువిద్యుత్కేంద్రంలో టెక్నీషియను" అని చెప్పండి. ఆ నాలుగు మాటలే, గొంతు తగ్గించకుండా చెప్పండి.

పెళ్ళి కుదిరితే శుభలేఖ పంపడం మరచిపోకండి. వరుడి పేరు పక్కన చదువు వేసేటప్పుడు, ఉన్నదే వేయించండి.